ఫార్మాట్ చేయించే ముందు ఒక్క పూట ఆగండి

"మాస్టారూ, సి డ్రైవ్‌లో ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయాండీ?" అని అడిగాడు కంప్యూటరు బాగుచేయడానికి వచ్చిన కుర్రవాడు.

"సి డ్రైవ్‌లో నేనేమీ పెట్టలేదు బాబూ. నావన్నీ డెస్క్‌టాప్ మీదే ఉన్నాయి" అన్నారు మాస్టారు.

"అయితే ఫార్మాట్ చేసేస్తానండీ."

"అలాగే, కానివ్వు."

ఈ నాలుగు మాటల్లో ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరి మనసులోనూ చెడు తలంపు లేదు. అయినా ఆ సాయంత్రానికి ఆరేళ్ల కష్టం తుడిచిపెట్టుకుపోయింది.

గుడివాడలో మాకు బాగా ఎరుకైన ఈ మాస్టారు హైస్కూలులో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సంఘపు పాత బాప్తిస్మ రిజిస్టరు, వివాహ రిజిస్టరు కాగితాలు పెళుసెక్కి, ముట్టుకుంటే అంచులు రాలిపోయే స్థితికి వచ్చాయి. వాటిని పేజీ తరవాత పేజీ చూసి కంప్యూటరులో ఎక్కిస్తే రాబోయే తరానికి ఉంటాయని ఆయన రోజుకు గంట చొప్పున టైపు చేస్తూ వచ్చారు. అదే డెస్క్‌టాప్ మీద ఇంకొక ఫోల్డరు ఉండేది. ప్రభువునందు నిద్రించిన ఆయన భార్య కుటుంబ ప్రార్థనలో పాడిన పాటలు పిల్లలు ఎప్పుడో రికార్డు చేసి అందులో పెట్టారు. ఒంటరితనం తోచినప్పుడు మాస్టారు వాటిని వినేవారు.

కంప్యూటరు మళ్లీ వచ్చింది. కొత్తదానిలా చురుకుగా పనిచేస్తోంది. తెర మీద నీలిరంగు బొమ్మ, చెత్తబుట్ట గుర్తు తప్ప మరేమీ లేవు. "బాబూ, నా ఫోల్డర్లేవి?" అని అడిగితే, "అవి సి డ్రైవ్‌లోవే కదండీ" అన్నాడు కుర్రవాడు. అప్పటికి గాని ఇద్దరికీ విషయం అర్థం కాలేదు.

ఇటువంటి నష్టం మన కుటుంబాలలో ఎవరికీ రాకూడదని ఈ వ్యాసం రాస్తున్నాము. ఇందులో ఇంజనీర్లకు మాత్రమే అర్థమయ్యే సంగతి ఏదీ లేదు. ఇల్లు సర్దుకోవడం తెలిసిన ప్రతివారూ చేసుకోగలిగిన పనే ఇది.

ఇప్పుడే ఎందుకీ ప్రస్తావన?

2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10కు సాధారణ మద్దతు ముగించింది. నమోదు చేసుకున్నవారికి ఆ పైన కొంత అదనపు గడువు ఇచ్చింది గాని, అది తాత్కాలికమే. అంతకు ముందు విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న ఇలాగే మద్దతు ఆగింది. మద్దతు ఆగినంత మాత్రాన కంప్యూటరు ఆగిపోదు. కాని కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మందు రాదు. అందుచేత ఇళ్లలో, చిన్న దుకాణాలలో, బడులలో, సంఘ కార్యాలయాలలో చాలామంది పాత విండోస్ తీసి కొత్తది వేయించుకోవలసి వస్తున్నది. వైరస్ పట్టినా, యంత్రం మరీ నెమ్మదించినా మెకానిక్కులు చెప్పే వైద్యం కూడా ఇదే: "ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేద్దామండీ."

వైద్యం తప్పు కాదు. ఆపరేషన్‌కు ముందు చేయవలసిన జాగ్రత్త మరచిపోవడమే తప్పు.

తాటాకు కప్పు, పెరటి చెట్టు

డెల్టాలో తాటాకు ఇళ్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో కొన్నేళ్లకొకసారి కప్పు విప్పి కొత్త ఆకు వేయించుకునేవారు. పని మొదలుపెట్టే ముందు ఇంటి ఇల్లాలు ఏం చేసేది? మంచాలు, పెట్టెలు, ధాన్యం, దేవుని గ్రంథం, పెండ్లి ఫొటోలు, అన్నీ పక్కింటికో వసారాలోకో చేర్చేది. ఆ తరవాతే పాత ఆకు దించనిచ్చేది.

కంప్యూటరులో ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఆ కప్పు, గోడలు. మన ఉత్తరాలు, ఫొటోలు, పాటలు, లెక్కలు ఇంట్లో సామాను. వీటినే ఫైళ్లంటారు. సామాను ఎత్తి పక్కన పెట్టవచ్చు, మళ్లీ తెచ్చుకోవచ్చు.

ప్రోగ్రాముల సంగతి వేరు. అవి పెరట్లో నాటిన చెట్లు. ఒక ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది తన ఫోల్డరులో మాత్రమే కూర్చోదు. విండోస్ వారి 'రిజిస్ట్రీ' అనే పెద్ద చిట్టాలో, ఇంకా అనేక చోట్ల తన వేళ్లు పంపుతుంది. 'ప్రోగ్రామ్ ఫైల్స్' అనే ఫోల్డరును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని కొత్త విండోస్‌లో పెడితే చాలా ప్రోగ్రాములు తెరుచుకోవు. చెట్టును మొదట్లో నరికి మరొక చోట గుచ్చినట్లుంటుంది. ప్రోగ్రాముకు కావలసింది విత్తనం, అంటే దాన్ని ఇన్‌స్టాల్ చేసే అసలు ఫైలు లేక సి.డి.; దానితోపాటు లైసెన్సు నంబరు. అవి ఉంటే ఎక్కడైనా మళ్లీ నాటుకోవచ్చు.

ఫైళ్లను కాపీ చేసి దాచుకోవాలి, ప్రోగ్రాములకు విత్తనం దాచుకోవాలి. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకుంటే తక్కినదంతా సులువే.

డెస్క్‌టాప్ ఎక్కడ ఉంటుంది?

తెర మీద కనిపించే డెస్క్‌టాప్ వేరే చోటని చాలామంది అనుకుంటారు. మాస్టారూ అలాగే అనుకున్నారు. నిజానికి అది సి డ్రైవ్‌లో 'యూజర్స్' అనే ఫోల్డరులో, మన పేరుతో ఉన్న ఫోల్డరు లోపల ఉండే ఒక గది మాత్రమే. డాక్యుమెంట్స్, పిక్చర్స్, మ్యూజిక్, వీడియోస్, డౌన్‌లోడ్స్ కూడా ఆ ఇంటిలోని గదులే. ఎవరైనా ప్రత్యేకంగా మార్చి ఉంటే తప్ప ఇవన్నీ సి డ్రైవ్‌లోనివే. కాబట్టి సి డ్రైవ్ ఫార్మాట్ చేస్తే ఇవన్నీ పోతాయి.

"మాకు డి డ్రైవ్ ఉంది, అందులో పెట్టాము, భయం లేదు" అని కొందరంటారు. అది సగం ధైర్యమే. సి, డి అనేవి సాధారణంగా ఒకే డిస్కును గీత గీసి చేసిన రెండు భాగాలు. విండోస్ వేసేటప్పుడు ఆ గీతలన్నీ చెరిపి మొత్తం డిస్కును ఒక్కటిగా చేస్తే డి డ్రైవ్ కూడా పోతుంది. ఇక డిస్కే చెడిపోతే రెండూ కలిసే పోతాయి. ఒకే బీరువాలో పై అరలో ఒక కాగితం, కింది అరలో దాని నకలు పెట్టి రెండు చోట్ల దాచామనుకోవడం లాంటిది ఇది.

మూడు దారులు

కొత్త విండోస్ వేయడానికి దారులు మూడు ఉన్నాయి. మెకానిక్కు చెప్పేది సాధారణంగా మూడవదే. మొదటి రెండింటి సంగతి మనమే అడగాలి.

మొదటిది, ఫైళ్లు, ప్రోగ్రాములు రెండూ నిలబెట్టే దారి. పాత విండోస్ తెరుచుకునే స్థితిలో ఉంటే, దాని లోపలి నుంచే కొత్త విండోస్ 'సెటప్' నడపవచ్చు. అప్పుడు 'కీప్ పర్సనల్ ఫైల్స్ అండ్ యాప్స్' అనే ఎంపిక కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుంటే సామానూ చెట్లూ ఉన్నచోటే ఉండగా కప్పు మాత్రం మారుతుంది. ఇందుకు పాతదీ కొత్తదీ ఒకే భాషలో ఉండాలి, హోమ్ మీద హోమ్, ప్రో మీద ప్రో వేయాలి, డిస్కులో తగినంత ఖాళీ ఉండాలి. విండోస్ 10 నుంచి 11కు వెళ్లడానికి కూడా ఇదే మంచి దారి. అయితే విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా చిప్పు, ఆమోదిత జాబితాలోని ప్రాసెసరు, కనీసం 4 జి.బి. ర్యామ్, 64 జి.బి. స్థలం అవసరం. పాత యంత్రాలు చాలా వాటికి ఈ అర్హత ఉండదు.

రెండవది, ఫైళ్లు ఉంచి ప్రోగ్రాములు తీసేసే దారి. సెట్టింగ్స్‌లో 'రికవరీ' అనే చోట 'రీసెట్ దిస్ పీసీ' ఉంటుంది. అది రెండు ప్రశ్నలు అడుగుతుంది: 'కీప్ మై ఫైల్స్', 'రిమూవ్ ఎవ్రీథింగ్'. మొదటిది నొక్కితే మన పేరిట ఉన్న ఫోల్డరులోని ఫైళ్లు మిగులుతాయి. మనం వేసుకున్న ప్రోగ్రాములు, మార్చుకున్న సెట్టింగులు పోతాయి. రెండవది నొక్కితే ఏదీ మిగలదు. ఈ రెండు మీటలూ పక్కపక్కనే ఉంటాయి. తొందరలో ఉన్న చేతికి అవి ఒకటే.

మూడవది, అంతా తుడిచి కొత్తగా వేయడం. దీనినే మన దుకాణాల్లో 'ఫార్మాట్' అంటారు. వైరస్ బాగా పాకినప్పుడు, విండోస్ అసలు తెరుచుకోనప్పుడు ఇదే సరైనది. ఒకవేళ ఫార్మాట్ చేయకుండానే అదే భాగంలో కొత్త విండోస్ వేస్తే, పాతదంతా 'విండోస్.ఓల్డ్' అనే ఫోల్డరులోకి వెళ్తుంది. అందులో మన ఫైళ్లు వెదకవచ్చు. కాని దాని మీద ఆధారపడకండి. పది రోజులు దాటితే విండోసే దాన్ని తొలగించవచ్చు.

ఏ దారి పట్టినా, ముందు నకలు తీసుకోవాలి. మొదటి రెండు దారులు కూడా మధ్యలో కరెంటు పోతే, డిస్కు మొరాయిస్తే చెడవచ్చు. "ఫైళ్లు ఉంచుతాను" అని యంత్రం చెప్పిన మాట పూచీకత్తు కాదు.

మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు

ఇక్కడ ఇంగ్లీషు పుస్తకాలు చెప్పని ఒక సంగతి ఉంది. పాటల పుస్తకాలు, పెండ్లి శుభలేఖలు, కూడికల కరపత్రాలు, సంఘ నివేదికలు మన ప్రాంతంలో ఎన్నో ఏళ్లుగా పేజ్‌మేకర్‌లో 'అను' ఫాంట్లతో తయారవుతున్నాయి. ఈ ఫాంట్లతో టైపు చేసినప్పుడు కంప్యూటరు దాచుకునేది తెలుగు అక్షరం కాదు. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యలను దాచుకుంటుంది. ఆ సంఖ్యల మీద తెలుగు ఆకారం తొడిగేది ఫాంటు. ఫాంటు లేకపోతే 'కృప' అని రాసిన చోట ఏవో పిచ్చి గీతలు, గుర్తులు కనిపిస్తాయి. ఫైలు భద్రంగానే ఉంటుంది, కాని చదివే కన్ను పోతుంది.

విండోస్ ఫార్మాట్ చేస్తే ఫాంట్లు కూడా పోతాయి. అవి సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డరు లోపల 'ఫాంట్స్' అనే చోట ఉంటాయి. కనుక తెలుగు డి.టి.పి. పని ఉన్నవారు ఫైళ్లతోపాటు ఫాంట్లను కూడా కాపీ చేసుకోవాలి. అను స్క్రిప్ట్ మేనేజరు ఇన్‌స్టాల్ చేసే సి.డి. గాని ఫైలు గాని ఉందో లేదో చూసుకోవాలి. మీరు ఏ వెర్షన్ వాడుతున్నారో, ఏ కీబోర్డు పద్ధతికి అలవాటుపడ్డారో కాగితం మీద రాసుకోవాలి. వెర్షన్ మారితే పాత ఫైలులో కొన్ని ఒత్తులు, గుణింతాలు తారుమారయ్యే అవకాశం ఉంది.

పేజ్‌మేకర్‌తో మరొక చిక్కు. పేజీలో కనిపించే బొమ్మ ఫైలు లోపల ఉండకపోవచ్చు. అది ఫలానా చోట ఉందనే గుర్తు మాత్రమే ఉండవచ్చు. పుస్తకం ఫైలు ఒక్కటే దాచి, బొమ్మల ఫోల్డరు వదిలేస్తే అచ్చు వేసేనాడు బొమ్మలు రావు. 'సేవ్ యాజ్' చేసేటప్పుడు లింకు అయిన ఫైళ్లన్నీ కలిపి కాపీ చేసే ఎంపిక ఉంటుంది. దాన్ని వాడండి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 తరవాత అడోబి సంస్థ దానికి పెద్ద వెర్షన్ ఏదీ తీసుకురాలేదు. ఆ సి.డి. మీ దగ్గర ఉంటే బంగారంలా దాచుకోండి.

దీనికి శాశ్వత పరిష్కారం యూనికోడ్. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే తెలుగుకు 128 స్థానాల గడి కేటాయించారు. యూనికోడ్‌లో 'క' అంటే ఏ కంప్యూటరులోనైనా, ఏ ఫోనులోనైనా 'క'యే. ఒక ఫాంటు లేకపోతే మరొక ఫాంటుతో చదువుకోవచ్చు. విండోస్ ఎక్స్‌పీ నాటికే గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు విండోస్‌తో కలిసి వచ్చింది. ఇప్పుడు ఉచితంగా దొరికే అందమైన ఫాంట్లు అనేకం ఉన్నాయి. మన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు గారి పేరిట 'మండలి' అనే ఫాంటు కూడా వాటిలో ఒకటి. పాత అను ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. మార్చిన తరవాత ప్రూఫు తప్పక చూసుకోవాలి, కొన్ని అక్షరాలు దారి తప్పుతాయి. అంత తీరిక లేనివారు పూర్తయిన ప్రతి పనికీ కనీసం ఒక పి.డి.ఎఫ్. ప్రతి తీసి పెట్టుకోండి. ఫాంటు దానిలోనే ఇమిడి ఉంటే, మరే యంత్రంలోనైనా చూసినా, అచ్చు వేసినా అక్షరం చెదరదు.

ఫార్మాట్‌కు ముందు: ఇంటిల్లిపాదీ చూసుకోవలసిన పట్టిక

1. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, "ఈ కంప్యూటరులో నీవి ఏమున్నాయి?" అని అడగండి. అమ్మాయి ప్రాజెక్టు, అబ్బాయి ధ్రువపత్రాల స్కాన్లు, అత్తగారి పెన్షన్ కాగితాలు, ఎవరివి ఎక్కడ ఉన్నాయో ఒక్కరికే తెలియదు. ఒకే యంత్రంలో రెండు మూడు పేర్లతో ఖాతాలు ఉంటే ప్రతి ఖాతాలోనూ చూడండి.

2. సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డరులో మీ పేరుతో ఉన్న ఫోల్డరును మొత్తంగా బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేయండి. ఏరి ఏరి కాపీ చేస్తే ఏదో ఒకటి మిగిలిపోతుంది. 'యాప్‌డేటా' అనే దాగి ఉండే ఫోల్డరు కూడా అందులోనే ఉంటుంది. బ్రౌజరు గుర్తులు, ఈమెయిల్ ప్రోగ్రాముల ఉత్తరాలు అనేకం దానిలో ఉంటాయి.

3. వ్యాపారం చేసుకునేవారు, సంఘ ఖజానా చూసేవారు ట్యాలీ లెక్కల ఫోల్డరు ఎక్కడ ఉందో ట్యాలీలోనే చూసుకోండి. అది చాలాసార్లు మన పేరిట ఉన్న ఫోల్డరులో ఉండదు. ట్యాలీలోని బ్యాకప్ సదుపాయంతో నకలు తీయడం మంచిది. లైసెన్సు ఆ యంత్రానికి ముడిపడి ఉంటుంది గనుక, ఫార్మాట్ చేసే ముందు 'సరెండర్' చేసి, తరవాత మళ్లీ తెచ్చుకోవాలి.

4. ఇన్‌స్టాల్ అయి ఉన్న ప్రోగ్రాముల పట్టిక తెర మీద తెరిచి ఫోనుతో ఫొటో తీసుకోండి. ప్రతిదానికీ విత్తనం ఉందా, లైసెన్సు నంబరు ఉందా అని పక్కన గుర్తు పెట్టుకోండి. లేనిది ఏదైనా ఉంటే అది దొరికే దాకా ఫార్మాట్ వాయిదా వేయండి.

5. ఈమెయిల్, ఇతర ఖాతాల పాస్‌వర్డులు మీకు నిజంగా గుర్తున్నాయా? బ్రౌజరు గుర్తుపెట్టుకుంది గనుక మనం మరచిపోయి ఉంటాము. ఓ.టి.పి. వచ్చే ఫోను నంబరు ఇప్పటికీ పనిచేస్తున్నదా చూడండి.

6. యంత్రంలో 'బిట్‌లాకర్' తాళం ఉందేమో చూడండి. కొత్త ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఈ తాళం పడి ఉండవచ్చు. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. అది లేకుండా సి డ్రైవ్ మార్చేస్తే, ముట్టుకోని డి డ్రైవ్ కూడా తెరుచుకోకపోవచ్చు. ఆ అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

7. నకలు సరిగా వచ్చిందా అని పరీక్షించండి. అసలు ఫోల్డరులో ఎన్ని ఫైళ్లు ఉన్నాయో, కాపీలో అన్నే ఉన్నాయా చూడండి. తరవాత ఆ హార్డ్ డిస్కును మరొక కంప్యూటరుకు తగిలించి, అక్కడక్కడ పది ఫైళ్లు తెరవండి. ఒక ఫొటో, ఒక పాట, ఒక ఉత్తరం, ఒక లెక్క. తెరిచి చూడని నకలు ఉన్నట్లు కాదు.

8. అన్నీ సరిపోయాక ఆ హార్డ్ డిస్కు వైరు పీకి ఇంట్లోనే దాచండి. మెకానిక్కు దగ్గరకు యంత్రంతోపాటు పంపకండి. తగిలించి ఉంచితే, ఏది అసలు డిస్కో ఏది నకలో పొరబడి దాన్నే ఫార్మాట్ చేసే ప్రమాదం ఉంది.

ఆ రోజున, ఆ తరవాత

పని జరిగేటప్పుడు వీలైతే పక్కన కూర్చోండి. మెకానిక్కును అనుమానించడానికి కాదు, అతడు అడిగే ప్రశ్నకు సరైన జవాబు చెప్పడానికి. "సి డ్రైవ్‌లో ఏమైనా ఉందా?" అని అడిగితే, "అన్నీ అందులోనే ఉన్నాయి, కాని నకలు తీసుకున్నాము" అనగలగాలి. ల్యాప్‌టాప్ అయితే చార్జరు పెట్టి ఉంచండి. డెస్క్‌టాప్ యంత్రమైతే యు.పి.ఎస్. లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు. గాలివాన సూచన ఉన్న రోజున అసలే వద్దు.

అసలు విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్ అయితే, అదే రకం విండోస్ మళ్లీ వేసి ఇంటర్నెట్ తగిలిస్తే లైసెన్సు సాధారణంగా తనంతట తానే గుర్తింపు పొందుతుంది. దొంగ ప్రతి వేయించుకోవలసిన పని లేదు. తాళం పగలగొట్టే ప్రోగ్రాములు వేస్తే, వైరస్ పోగొట్టుకోవడానికి వెళ్లి దాన్నే ఇంటికి తెచ్చుకున్నట్లవుతుంది.

కొత్త విండోస్ వచ్చాక వరుస తప్పకండి. మొదట డ్రైవర్లు, తరవాత విండోస్ నవీకరణలు, తరవాత ఫాంట్లు, ఆ పైన ప్రోగ్రాములు, చివరికి మన ఫైళ్లు. ఫైళ్లు లోపలికి తెచ్చే ముందు హార్డ్ డిస్కును వైరస్ పరీక్ష చేయండి. అంతా సర్దుకున్నామని నకలును వెంటనే చెరిపివేయకండి. కనీసం రెండు మూడు నెలలు ఉంచండి. ఏదో ఒకటి మరచిపోయామని తెలిసేది తరవాతే.

విండోస్ 11కు అర్హత లేని పాత యంత్రాలను పారవేయనక్కరలేదు. లైనక్స్ రకపు ఉచిత సిస్టమ్‌లు వాటిలో చక్కగా నడుస్తాయి. మన దేశంలో సి-డాక్ సంస్థ 'బాస్' అనే లైనక్స్‌ను తయారుచేసింది. లైనక్స్‌లో మన ఫైళ్లుండే 'హోమ్' అనే భాగాన్ని మొదటే వేరుగా పెట్టుకుంటే, మళ్లీ వేయవలసి వచ్చినప్పుడు ఆ భాగాన్ని ముట్టకుండా మిగిలినది మార్చుకోవచ్చు. అయితే పేజ్‌మేకర్, అను, ట్యాలీ వంటివి విండోస్ కోసం చేసినవి. వాటితో పని ఉన్నవారు ఈ సంగతి చూసుకుని నిర్ణయించుకోవాలి.

పొరపాటు జరిగిపోతే?

పోయాయని తెలిసిన క్షణమే కంప్యూటరు ఆపివేయండి. అందులో కొత్తగా ఏదీ వేయవద్దు, ఏదీ రాయవద్దు. పాత రకం తిరిగే హార్డ్ డిస్కు అయితే, పైపైన చేసే ఫార్మాట్‌లో నిజంగా పోయేది విషయసూచిక మాత్రమే. పుటలు అక్కడే ఉంటాయి, వాటి మీద కొత్త రాత పడే వరకు. వెంటనే తెలిసినవారి చేత ప్రయత్నింపజేస్తే చాలావరకు తిరిగి రావచ్చు. ఎస్.ఎస్.డి. అయితే ఆశ బహు తక్కువ. తొలగించిన చోటును అది తనంతట తానే త్వరగా శుభ్రం చేసుకుంటుంది. కొత్త యంత్రాలు చాలావరకు ఎస్.ఎస్.డి.తోనే వస్తున్నాయి గనుక, పోయాక వెదకవచ్చనే ధీమా ఇక చెల్లదు.

మూడు నకళ్లు, ఒకటి ఊరి బయట

అమెరికా ఫొటోగ్రాఫరు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక లెక్క ఉంది: మూడు, రెండు, ఒకటి. ముఖ్యమైన ప్రతిదానికీ మూడు ప్రతులు ఉండాలి. అవి రెండు రకాల సాధనాల్లో ఉండాలి. ఒకటి వేరే చోట ఉండాలి.

ఈ మూడవ మాట మన ప్రాంతం వారికి ఎవరూ వివరించనక్కరలేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమలో ఇళ్లకు ఇళ్లనే తుడిచిపెట్టింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ ఇళ్లలోకి నీరు వచ్చినప్పుడు కంప్యూటరూ, దాని పక్కనే బల్ల సొరుగులో ఉన్న హార్డ్ డిస్కూ కలిసే మునిగాయి. కాబట్టి ఒక ప్రతి కంప్యూటరులో, ఒకటి బీరువాలోని హార్డ్ డిస్కులో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న కూతురి ఇంట్లోనో కొడుకు దగ్గరో ఉంచండి. ఇంటర్నెట్‌లో దాచుకోవడమూ మంచిదే. గూగుల్ ఖాతాకు 15 జి.బి., మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్‌కు 5 జి.బి. వరకు ఉచితంగా ఇస్తున్నారు. కాగితాలకు, ముఖ్యమైన ఫొటోలకు అది చాలును.

మన పూర్వులకు ఈ లెక్క కొత్తది కాదు. తాటాకు శిథిలం కాకముందే మరొక తాటాకు మీదికి ఎక్కించారు గనుకనే ప్రాచీన గ్రంథాలు మన దాకా వచ్చాయి. మచిలీపట్నంలోనూ ఉద్యోగం చేసిన సి.పి. బ్రౌన్ దొర పండితులకు జీతాలిచ్చి వ్రాతప్రతులు వెదికించి, సరిచూపించి, నకళ్లు రాయించాడు. ఆ నకళ్ల వలన ఎన్నో తెలుగు కావ్యాలు నిలిచాయి. దాచిన వస్తువు ఏనాటికైనా పాడవుతుంది. మళ్లీ మళ్లీ నకలు తీసినదే నిలుస్తుంది.

మాస్టారి సంగతి

అది ఎస్.ఎస్.డి. అందులోని ఫైళ్లు తిరిగి రాలేదు. కుర్రవాడు రెండు రాత్రులు మేలుకుని ప్రయత్నించి, చివరికి మాస్టారి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "నువ్వు అడిగావు బాబూ, నేనే తెలియక చెప్పాను" అన్నారు మాస్టారు.

పాటలలో మూడు మాత్రం దొరికాయి. హైదరాబాదులో ఉన్న కుమార్తె ఫోనులో, ఎప్పుడో తండ్రే వాట్సాప్‌లో పంపినవి అవి. మిగిలినవి లేవు. ఆ మూడూ ఇప్పుడు ముగ్గురు పిల్లల దగ్గరా ఉన్నాయి.

రిజిస్టర్ల మాటకొస్తే, టైపు చేసింది పోయింది గాని ఆ పెళుసు కాగితాలు సంఘపు బీరువాలో ఇంకా ఉన్నాయి. మాస్టారు మళ్లీ మొదటి పేజీతో మొదలుపెట్టారు. ఈసారి యూనికోడ్‌లో. ముందు ప్రతి పేజీకీ ఫొటో తీయించారు. ఇరవై పేజీలు పూర్తయినప్పుడల్లా ఒక నకలు పాస్టరు గారి ఇంటికి వెళ్తుంది, ఒకటి కుమార్తెకు వెళ్తుంది. హార్డ్ డిస్కు పట్టుకుని పాస్టరు గారి ఇంటికి వెళ్లివచ్చేది ఎవరనుకున్నారు? ఆ కుర్రవాడే. తన దుకాణంలో ఎవరైనా ఫార్మాట్‌కు యంత్రం తెస్తే అతడిప్పుడు "సి డ్రైవ్‌లో ఏమైనా ఉందా?" అని అడగడం మానేశాడు. తెర తిప్పి చూపిస్తూ, "ఇదిగోనండీ, ఇక్కడ కనపడేవన్నీ పోతాయి. వీటిలో మీకు కావలసినవి ఏవో ఒక్కొక్కటి చూసి చెప్పండి" అంటున్నాడు.